నానో వెండి ప్రయోగాల కిట్: ఉల్లి వేళ్లు చెప్పేవి, చెప్పలేనివి

నానోకణాల (మీటరులో వంద కోట్లో వంతైన నానోమీటర్లలో కొలిచే అతి సూక్ష్మ కణాల) వల్ల పర్యావరణానికి కలిగే ప్రభావాలను విద్యార్థులు తమ చేతులతో చేసి తెలుసుకోవడానికి ఉద్దేశించిన ఒక ప్రయోగాల కిట్‌ను ఈ విద్యా సంవత్సరం మా డిగ్రీ కళాశాల రసాయన శాస్త్ర విభాగానికి తెప్పించుకున్నాం. పన్నులతో కలిపి ధర నాలుగున్నర వేల రూపాయలు దాటింది. తయారీదారు పేరు ఇక్కడ రాయడం లేదు. ఈ తరహా కిట్లు ఇప్పుడు చాలా చోట్ల దొరుకుతున్నాయి కనుక, కొనబోయే అధ్యాపకులకు పేరు కన్నా పెట్టెలో ఏమి ఉండాలో, పుస్తకంలో ఏమి రాసి ఉండాలో తెలియడమే ఎక్కువ ఉపయోగం. నా అభిప్రాయం ముందే చెబుతాను. నానోకణాలు అంటే ఏమిటో చూపించడంలో ఈ కిట్ చాలా బాగుంది. అవి పర్యావరణంలో ఏమి చేస్తాయో చూపించడంలో మాత్రం, ఉన్నది ఉన్నట్టు వాడితే, విద్యార్థిని తప్పు నిర్ధారణకు తీసుకుపోతుంది. అయితే ఆ లోపాన్ని సరిదిద్దడానికి కావలసిన వస్తువులన్నీ దాదాపు ప్రతి కళాశాల ప్రయోగశాలలోనూ ఉంటాయి. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

పెట్టెలో 1 మిల్లీమోలార్ గాఢత గల సిల్వర్ నైట్రేట్ ద్రావణం 250 మిల్లీలీటర్లు గోధుమ రంగు సీసాలో ఉంది. సిల్వర్ నైట్రేట్‌ను వెండి లోహంగా మార్చే సోడియం బోరోహైడ్రైడ్‌ను ముందే తూచి చిన్న చిన్న రేకు పొట్లాల్లో ఇచ్చారు. కణాలు గుంపు కట్టకుండా ఆపడానికి పీవీపీ అనే పాలిమర్ ద్రావణం, గాజు గొట్టాలు, డ్రాపర్లు, పీహెచ్ కాగితాలు, పెట్రీ పళ్లేలు, ఒక ఆకుపచ్చ లేజర్ పాయింటర్, ‘యాంటీబాక్టీరియల్’ అని ముద్రించిన గుడ్డ ముక్కలు, చేతి తొడుగులు, కళ్లద్దాలు, ఇంగ్లీషులో ఒక పుస్తకం, తెలుగులో మరో చిన్న పుస్తకం ఉన్నాయి. గాజు సామాను నాణ్యత బాగుంది. బోరోహైడ్రైడ్ పొట్లాల్లో ఒకటి తేమ పీల్చుకుని పనికిరాకుండా పోయింది. ఈ రసాయనం నీరు తగిలితే హైడ్రోజన్‌ను విడుదల చేస్తూ విచ్ఛిన్నమైపోతుంది కాబట్టి, వానాకాలంలో రవాణా అయ్యే సరుకులో ఇది జరిగే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. పొట్లాల మీద తయారీ తేదీ వేసి ఉంటే బాగుండేది.

అసలు వెండినే ఎందుకు ఎంచుకున్నారన్న ప్రశ్నకు పుస్తకంలో సరైన సమాధానం లేదు గానీ, ఎంపిక మాత్రం సరైనదే. నానో పదార్థాలు వాడుతున్నామని చెప్పుకునే వినియోగ వస్తువుల అంతర్జాతీయ జాబితా ఒకదాన్ని పరిశోధకులు 2015లో విశ్లేషించినప్పుడు, అందులోని 1,814 ఉత్పత్తుల్లో 435 వెండితో చేసినవని తేలింది. వేరే ఏ పదార్థమూ అంత ఎక్కువగా కనబడలేదు. సాక్సులు, కట్టు గుడ్డలు, నీటి ఫిల్టర్లు, వాషింగ్ మెషిన్లు, ఇలా ఇంట్లో ఏ మూల చూసినా నానో వెండి ఉండే అవకాశం ఉంది. ఇంట్లో ఉన్నది చివరికి మురుగు కాలువలోకి చేరుతుంది. బోధనకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు.

మొదటి ప్రయోగం నానో వెండిని తయారు చేయడం. 2 మిల్లీమోలార్ బోరోహైడ్రైడ్ ద్రావణం 30 మిల్లీలీటర్లు తీసుకుని, మంచు ముక్కల మధ్య ఉంచి బాగా చల్లబరచి, కలుపుతూ, అందులో 10 మిల్లీలీటర్ల సిల్వర్ నైట్రేట్‌ను ఒక్కో చుక్కగా వేయాలి. రంగులేని రెండు ద్రావణాలు కలిసి లేత పసుపుగా, తర్వాత మెరిసే నిమ్మ పసుపుగా మారుతాయి. వెండి అనగానే తెల్లని లోహం తప్ప మరొకటి తలపుకు రాని విద్యార్థికి ఆ పసుపు రంగు కలిగించే ఆశ్చర్యం చాలా విలువైనది. సుమారు 12 నానోమీటర్ల వ్యాసం గల వెండి కణాల్లోని ఎలక్ట్రాన్లు 400 నానోమీటర్ల దగ్గరి నీలి, ఊదా కాంతిని బలంగా గ్రహిస్తాయి కనుక మిగిలిన కాంతి మనకు పసుపుగా కనబడుతుందని పుస్తకం చక్కగా వివరించింది. చివరి చుక్క పడగానే కలపడం ఆపాలని, లేకపోతే కణాలు గుంపు కట్టి ద్రావణం బూడిద రంగుకు తిరుగుతుందని కూడా స్పష్టంగా రాశారు. ఈ జాగ్రత్త చెప్పకపోతే సగం బృందాలు విఫలమయ్యేవి. మైకేల్ ఫారడే 1857లో బంగారాన్ని ఇలాగే అతి సూక్ష్మ కణాలుగా నీటిలో నిలిపి దాని ఎర్ర రంగును అధ్యయనం చేసిన సంగతి ఒక్క వాక్యమైనా చేర్చి ఉంటే, నానో అనేది నిన్న మొన్న పుట్టిన వింత కాదని పిల్లలకు తెలిసేది. ఆ వాక్యం నేనే చెప్పుకోవలసి వచ్చింది.

రెండో ప్రయోగం టిండాల్ ప్రభావం, అంటే ద్రవంలో తేలే సూక్ష్మ కణాలు కాంతిని చెదరగొట్టడం వల్ల కిరణం దారి కనబడటం. ఇంటర్మీడియట్‌లో కొలాయిడ్ల పాఠం చదివి వచ్చిన పిల్లలు దీన్ని పరీక్షలో రాసి ఉంటారు గానీ, కళ్లతో చూసినవారు తక్కువ. మామూలు ఉప్పు ద్రావణంలో కనబడని లేజర్ కిరణం నానో వెండి ద్రావణంలో తీగలా వెలుగుతుంది. దీనికి స్వేదన జలమే వాడాలి. కుళాయి నీటిలో తేలే దుమ్ము కూడా కిరణాన్ని చూపించి పిల్లలను తికమక పెడుతుంది, ఆ హెచ్చరిక పుస్తకంలో లేదు. అంతకన్నా ముఖ్యమైన లోపం లేజర్ పాయింటర్‌ది. దాని మీద శక్తి ఎన్ని మిల్లీవాట్లో, ఏ భద్రతా తరగతికి చెందినదో ఎక్కడా ముద్రించలేదు. ఆకుపచ్చ పాయింటర్లు చెప్పిన దానికన్నా ఎక్కువ శక్తితో వెలగడం తెలిసిన విషయమే కాబట్టి, మేము దాన్ని పక్కన పెట్టి, భౌతిక శాస్త్ర విభాగంలోని 1 మిల్లీవాట్ ఎర్ర లేజర్‌తో ఈ ప్రయోగం చేయించాం. కిరణం అంతే చక్కగా కనబడింది.

ఈ రెంటి మధ్య పుస్తకంలో ఉపరితల వైశాల్యం గురించి ఒక లెక్క ఉంది. దాని గురించి ప్రత్యేకంగా మంచి మాట చెప్పాలి. ఒక సెంటీమీటరు భుజం గల ఘనం ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. అదే ఘనాన్ని ఒక నానోమీటరు భుజం గల ఘనాలుగా కోస్తే మొత్తం ఉపరితలం 6,000 చదరపు మీటర్లు, అంటే ఎకరంన్నర దాకా అవుతుంది. పదార్థం అంతే, బరువు అంతే, కానీ నీటితో, సూక్ష్మజీవితో, వేరుతో తాకే ముఖం మాత్రం కోటి రెట్లు పెరిగింది. నానోకణాలు మామూలు ముద్ద లోహం కన్నా ఎందుకు చురుకుగా ఉంటాయో, వాటి భద్రతను వేరుగా ఎందుకు పరీక్షించాలో అర్థం కావడానికి ఈ ఒక్క లెక్క చాలు. విద్యార్థుల చేతే వేయించాలి.

ఇక మూడో ప్రయోగానికి వస్తే, కిట్ అసలు ఉద్దేశం ఇదే కనుక ఎక్కువ సేపు మాట్లాడవలసింది దీని గురించే. పద్ధతి పాతది, నమ్మకమైనది. 1938లో ఆల్బర్ట్ లెవాన్ ప్రవేశపెట్టిన ఉల్లి వేరు పరీక్ష ఇది. చిన్న ఉల్లిపాయల ఎండిన వేళ్లను గీకేసి, అడుగు భాగం మాత్రమే ద్రావణానికి తగిలేలా గాజు గొట్టాల మూతి మీద నిలబెడితే, మూడు రోజుల్లో తెల్లని కొత్త వేళ్లు దిగుతాయి. వాటి పొడవును కొలిచి పోల్చడమే పని. వెల్లూరులోని వీఐటీ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2009లో ఇదే ఉల్లి వేళ్ల మీద నానో వెండిని పరీక్షించి, గాఢత పెరిగే కొద్దీ కణ విభజన తగ్గిపోవడాన్ని, క్రోమోజోములు దెబ్బతినడాన్ని ప్రచురించారు కూడా. తక్కువ ఖర్చుతో, జంతువులను హింసించకుండా, మన మార్కెట్లో దొరికే ఉల్లితో చేయగలిగే ఇంత మంచి పరీక్షను ఎంచుకున్నందుకు తయారీదారును మెచ్చుకోవాలి.

అయితే పుస్తకం చేయమన్నది ఇంతే: ఒక వరుసలో స్వేదన జలం, రెండో వరుసలో తయారు చేసిన నానో వెండి ద్రావణం. మూడు రోజుల తర్వాత నీటిలోని వేళ్లు పొడుగ్గా, నానో వెండిలోని వేళ్లు పొట్టిగా ఉంటాయి. ‘దీన్నిబట్టి నానోకణాలు మొక్కలకు హానికరమని తెలుస్తుంది’ అన్న వాక్యంతో ఆ అధ్యాయం ముగుస్తుంది. విద్యార్థి రికార్డులో అదే రాస్తాడు, జీవితాంతం అదే గుర్తుంచుకుంటాడు. ఆ నిర్ధారణ ఈ ప్రయోగం నుంచి రాదు.

ఎందుకు రాదో చూద్దాం. ఆ పసుపు ద్రావణంలో ఉన్నది వెండి కణాలు మాత్రమే కాదు. మిగిలిపోయిన బోరోహైడ్రైడ్, అది విచ్ఛిన్నమై ఏర్పడిన బోరేట్, పీవీపీ, నైట్రేట్, వీటికి తోడు క్షారగుణం కూడా ఉంది. బోరాన్ మోతాదు మించితే మొక్కలకు హాని చేస్తుందని వ్యవసాయం తెలిసిన ఇంటి పిల్లలకు కూడా తెలుసు. వేళ్లు కురచ కావడానికి వీటిలో దేని వాటా ఎంతో చెప్పాలంటే, సిల్వర్ నైట్రేట్ బదులు స్వేదన జలాన్ని చుక్కలుగా వేసి, మిగతాదంతా అలాగే చేసిన ద్రావణం ఒకటి పోలికకు ఉండాలి. అది మొదటి కంట్రోల్, అంటే పోలిక ద్రావణం. ఇక రెండోది ఇంకా ముఖ్యమైనది. నానో వెండి నీటిలో ఉన్నంతసేపూ, ఆక్సిజన్ తగిలి, కొద్దికొద్దిగా వెండి అయాన్లను, అంటే విద్యుదావేశం ఉన్న వెండి పరమాణువులను, విడుదల చేస్తుంది. అయాన్ రూపంలోని వెండి విషప్రభావం శాస్త్రానికి ఎప్పటినుంచో తెలుసు. హాని చేసింది కణమా, కణం నుంచి కరిగి వచ్చిన అయానా అని అడగాలంటే, అంతే వెండి ఉన్న సిల్వర్ నైట్రేట్ ద్రావణం పక్కన ఉండి తీరాలి. పైన చెప్పిన కొలతల ప్రకారం నానో ద్రావణంలో లీటరుకు సుమారు 27 మిల్లీగ్రాముల వెండి ఉంటుంది కనుక, కిట్‌లోని సిల్వర్ నైట్రేట్‌ను నాలుగు రెట్లకు పలుచన చేస్తే ఆ గాఢత వచ్చేస్తుంది. అదనపు ఖర్చు ఏమీ లేదు, పుస్తకంలో రెండు వాక్యాలు చేర్చితే సరిపోయేది.

ఇది చాదస్తం కాదని చెప్పడానికి ఈ రంగపు చరిత్రలోనే ఒక గొప్ప ఉదాహరణ ఉంది. 2004లో ఎవా ఓబర్‌డార్‌స్టర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, ఫుల్లరీన్ అనే కార్బన్ నానోకణాలు కలిపిన నీటిలో ఉంచిన చేపల మెదడులో కొవ్వు పదార్థాలు ఆక్సీకరణకు గురై దెబ్బతిన్నాయని ప్రచురించారు. ఆ వార్త ప్రపంచమంతటా పాకింది. నానోకణాల పర్యావరణ భద్రత గురించి ప్రభుత్వాలు ఆలోచించడానికి అది ఒక కారణమైంది కూడా. ఆ ఫుల్లరీన్‌ను నీటిలోకి తేవడానికి టెట్రాహైడ్రోఫ్యూరాన్ అనే ద్రావణిని వాడారు. 2007లో మరో బృందం జీబ్రా చేప పిల్లల మీద చేసిన ప్రయోగాల్లో, ఇలా తయారు చేసిన ద్రావణం విషప్రభావానికి ఫుల్లరీన్ కాక, ఆ ద్రావణి విచ్ఛిన్నమై పుట్టిన పదార్థాలు కారణమని తేల్చింది. మన బోరేట్ సమస్య సరిగ్గా ఇలాంటిదే. వెండి విషయంలో కణం, అయాన్ల మధ్య తగవు కూడా ఏళ్ల తరబడి నడిచింది. 2012లో రైస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆక్సిజన్ లేని వాతావరణంలో, అంటే అయాన్లు విడుదల కాని పరిస్థితిలో, నానో వెండిని బాక్టీరియాకు పెట్టి చూస్తే అవి చావలేదు. బాక్టీరియా విషయంలో పని చేసేది ప్రధానంగా అయానేనని దానితో బలపడింది. ఇంత ఆసక్తికరమైన కథ చేతిలో ఉండగా, ‘నానోకణాలు హానికరం’ అన్న ఒక్క ముక్కతో పుస్తకం ముగించడం నాకు బాధ కలిగించింది.

మేము నాలుగు వరుసలతో ప్రయోగం చేయించాం: స్వేదన జలం, వెండి లేని బోరోహైడ్రైడ్ ద్రావణం, నానో వెండి, సమాన గాఢత గల సిల్వర్ నైట్రేట్. ఒక్కో వరుసలో ఒక్క ఉల్లితో సరిపెట్టుకోకూడదు. ఒకే బస్తాలోని ఉల్లిపాయల మధ్య కూడా వేళ్ల పొడవులో తేడాలు చాలా ఎక్కువగా ఉంటాయి. బోరోహైడ్రైడ్ వరుసలో వేళ్లు నీటిలో కన్నా కొంచెం పొట్టిగా వచ్చాయి. నానో వెండిలో ఇంకా పొట్టిగా ఉన్నాయి. సిల్వర్ నైట్రేట్‌లో వేళ్లు మొలిచీ మొలవకుండానే ఆగిపోయి, కొనలు గోధుమ రంగుకు తిరిగాయి. ఈ నాలుగు వరుసలను బల్ల మీద పక్కపక్కన పెట్టినప్పుడు తరగతిలో మొదలైన చర్చ, పుస్తకంలోని రెండు వరుసలతో ఎన్నటికీ వచ్చేది కాదు. ‘అయాన్ కన్నా కణం తక్కువ హాని చేస్తే, నానో అనే మాట గురించి మనం ఎందుకు భయపడాలి?’ అని ఒక విద్యార్థిని అడిగింది. కణం అయాన్లను ఒక్కసారిగా కాక చాలా కాలం పాటు విడుదల చేస్తూ ఉంటుందనీ, అయాన్ వెళ్లలేని చోటికి కణం వెళ్లగలదనీ, మూడు రోజుల పరీక్ష ఈ రెంటినీ చూపించలేదనీ మరో బృందం సమాధానం చెప్పింది. ఆ ప్రశ్న, ఆ సమాధానం రెండూ కిట్ ఖరీదుకు మించినవే.

పుస్తకంలో లేని మరో ప్రయోగాన్ని కూడా చేర్చాం. పర్యావరణం అంటే స్వేదన జలం కాదు. కాలువలో, చెరువులో, బోరు నీటిలో ఉప్పులు, సున్నం, కుళ్లిన ఆకుల నుంచి వచ్చే సేంద్రియ పదార్థాలు ఉంటాయి. కాబట్టి పీవీపీ కలపని నానో వెండి ద్రావణాన్ని చిన్న గొట్టాల్లో పోసి, విద్యార్థులు తమ ఊళ్ల నుంచి తెచ్చిన నీళ్లను ఒక్కొక్కటిగా కలిపించాం. తీరప్రాంతపు ఉప్పు బోరు నీరు పడగానే పసుపు రంగు ముదిరి, నల్లబడి, కాసేపటికి బూడిద రంగు మడ్డిగా అడుగుకు దిగింది. ఆకులు నానిన చెరువు నీటిలో రంగు చాలా సేపు అలాగే నిలిచింది. లవణాలు కణాల మీది విద్యుదావేశాన్ని కప్పేసి వాటిని గుంపు కట్టిస్తాయి, సేంద్రియ పదార్థాలు కణాలకు పూతలా అంటుకుని విడివిడిగా నిలుపుతాయి. అంటే ఒకే నానో వెండి ఒక ఊరి నీటిలో అడుగు బురదలోకి చేరి అక్కడి పురుగులకు తగులుతుంది, మరో ఊరి నీటిలో తేలుతూ చేపల మొప్పలకు తగులుతుంది. పర్యావరణ ప్రభావం అనే మాటకు అర్థం ఇక్కడ తెలుస్తుంది. ఇది కిట్‌లో లేకపోవడం పెద్ద లోటు. దీనికి అదనంగా కావలసింది విద్యార్థులు ఖాళీ సీసాల్లో తెచ్చే నీళ్లు మాత్రమే.

మురుగునీటిలో జరిగేది మాత్రం తరగతిలో చూపించకూడదు, చెబితే చాలు. అక్కడ ఆక్సిజన్ తక్కువ, సల్ఫైడ్ ఎక్కువ. నానో వెండి దాదాపు కరగని సిల్వర్ సల్ఫైడ్‌గా మారిపోతుంది. 2010లో అమెరికాలో ఒక మురుగునీటి శుద్ధి కేంద్రపు మడ్డిలో పరిశోధకులు సిల్వర్ సల్ఫైడ్ నానోకణాలనే గుర్తించారు. ఈ మార్పు వల్ల విషప్రభావం బాగా తగ్గుతుంది. కానీ ఆ మడ్డిని ఎరువుగా పొలాలకు తోలే చోట ఏళ్ల తరబడి నేలలో ఏమి పోగవుతుందన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

నాలుగో ప్రయోగం గుడ్డ ముక్కలది. దీన్ని పూర్తిగా తీసేయమని నా సలహా. యాంటీబాక్టీరియల్ గుడ్డను నీటిలో నానబెట్టి, ఆ నీటిలో ఉప్పు ద్రావణం వేసి, తెల్లని సిల్వర్ క్లోరైడ్ మసక వస్తుందో లేదో చూడమన్నారు. మసక రాదు. విద్యార్థి ‘ఈ గుడ్డ నుంచి వెండి నీటిలోకి రావడం లేదు’ అని రాస్తాడు. 2008లో ఆరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయంలో ట్రాయ్ బెన్, పాల్ వెస్టర్‌హాఫ్ చేసిన ప్రసిద్ధ అధ్యయనంలో, నానో వెండి ఉన్న సాక్సులను అర లీటరు స్వేదన జలంలో కడిగితే గరిష్ఠంగా 650 మైక్రోగ్రాముల వెండి బయటికి వచ్చింది. అంటే లీటరుకు 1.3 మిల్లీగ్రాములు. సిల్వర్ క్లోరైడ్ స్వయంగా నీటిలో ఇంచుమించు ఆ స్థాయి దాకా కరుగుతుంది. కాబట్టి అంత ఎక్కువ వెండి విడుదల చేసే సాక్సును పరీక్షించినా కంటికి మసక కనబడదు. ఆ పరిశోధకులు దాన్ని కొలవడానికి ఖరీదైన పరికరాలు వాడారు. ఏమీ కనబడదని ముందే తెలిసిన పరీక్షను పిల్లల చేత చేయించి, కాలుష్యం లేదని రాయించడం ఏ ప్రయోగమూ చేయించకపోవడం కన్నా హానికరం. ఇదే గుడ్డ ముక్కతో, ఈ లెక్కనంతా వేయించి, ‘ఈ పరీక్షతో ఎందుకు తెలుసుకోలేం?’ అని అడిగితే అది మంచి పాఠమవుతుంది. మేము అలాగే చేశాం.

పుస్తకం చివరి అధ్యాయం నానో పదార్థాల ఉపయోగాల గురించి. ఇది చాలా పాతబడింది. ఆహారంలో తెలుపు కోసం వాడే టైటానియం డయాక్సైడ్‌ను మామూలు ఉదాహరణగా ఇచ్చారు గానీ, ఐరోపా ఆహార భద్రత సంస్థ 2021లో దాన్ని ఇక సురక్షితమని చెప్పలేమని తేల్చిన సంగతి గానీ, 2022లో ఐరోపా సమాఖ్య ఆహారంలో దాన్ని నిషేధించిన సంగతి గానీ లేదు. నీటి శుద్ధిలో నానో వెండి చేసిన మేలు గురించి కూడా ఒక్క మాట లేదు. హైదరాబాద్‌లోని ఏఆర్‌సీఐ అనే కొత్త పదార్థాల పరిశోధన సంస్థ తాగునీటి ఫిల్టర్ల కోసం నానో వెండి పూత వేసిన పింగాణీ క్యాండిళ్ల పరిజ్ఞానాన్ని అభివృద్ధి చేసింది. 2009లో వచ్చిన టాటా స్వచ్ ఫిల్టర్‌లో వరిపొట్టు బూడిదకు పట్టించిన నానో వెండి ఉండేది. కరెంటు, కుళాయి లేని ఇళ్లలో సూక్ష్మజీవుల బెడదను తగ్గించే వస్తువులోనూ, వాసన రాకుండా ఉండే సాక్సులోనూ ఉన్నది ఒకటే పదార్థం. ఎక్కడ వాడటం అవసరం, ఎక్కడ వృథా అని ఆలోచించడం పర్యావరణ పాఠంలో భాగం కావాలి.

ఈ అధ్యాయంలో నానో యూరియాకు, అంటే పైరు ఆకుల మీద పిచికారీ చేసే ద్రవ ఎరువుకు, ఒక పేజీ కేటాయించారు. అది ప్రకటన కరపత్రంలా ఉంది. మా విద్యార్థుల్లో చాలామంది వరి పండించే ఇళ్ల నుంచి వచ్చినవారు, నానో యూరియా సీసాను ఎరువుల దుకాణంలో చూసినవారు. అందుకే వారి చేత ఒక లెక్క వేయించాను. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 46 శాతం, అంటే 20.7 కిలోలు. 2021లో ఎరువుల సహకార సంస్థ ఇఫ్కో విడుదల చేసిన 500 మిల్లీలీటర్ల ద్రవ నానో యూరియాలో నత్రజని 4 శాతం, అంటే సుమారు 20 గ్రాములు. ఒక సీసా ఒక బస్తా యూరియాకు సమానమన్న ప్రచారం నిజం కావాలంటే ఆ 20 గ్రాములు వెయ్యి రెట్ల పని చేయాలి. కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2023లో ఈ వాదనకు తగిన శాస్త్రీయ ఆధారం లేదని ప్రచురించారు. పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం రెండేళ్ల క్షేత్ర ప్రయోగాల్లో, సిఫారసు చేసిన నత్రజనితో పోలిస్తే నానో యూరియా పద్ధతిలో వరి దిగుబడి 13 శాతం, గోధుమ దిగుబడి 21.6 శాతం తగ్గాయి. తర్వాత నత్రజని శాతం పెంచిన రకాలు కూడా మార్కెట్లోకి వచ్చాయి. మరోవైపు, పొలంలో మితిమీరి వేసిన యూరియా భూగర్భ జలాల్లో నైట్రేట్‌గా, గాలిలో నైట్రస్ ఆక్సైడ్‌గా చేరుతున్నదన్నదీ వాస్తవమే. నైట్రస్ ఆక్సైడ్ భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 270 రెట్లు శక్తిమంతమైనది. కాబట్టి యూరియా తగ్గించాలన్న ఆశయం గొప్పది, ఆ ఆశయం పేరు చెప్పి వచ్చే ప్రతి ఉత్పత్తినీ కొలిచి చూడవలసిందే. వ్యవసాయం, ఆహార రంగాల్లో నానో ఉత్పత్తులను ఎలా మూల్యాంకనం చేయాలో కేంద్ర బయోటెక్నాలజీ విభాగం 2020లోనే మార్గదర్శకాలు విడుదల చేసింది. పుస్తకంలో వాటి ప్రస్తావన ఉండవలసింది.

నాకు అన్నిటికన్నా అభ్యంతరకరంగా తోచింది వ్యర్థాల విషయం. ప్రయోగాలు అయ్యాక ద్రావణాలన్నిటినీ ‘ఎక్కువ నీటితో సింకులో పారబోయండి’ అని రాశారు. కిట్‌లోని మొత్తం వెండి 27 మిల్లీగ్రాములే, నిజమే. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరులో 0.1 మిల్లీగ్రాముకు మించి వెండి ఉండకూడదు కనుక, ఆ కొంచెం వెండి 270 లీటర్ల నీటిని ఆ హద్దు దాకా తీసుకుపోగలదు. సంఖ్య సంగతి అలా ఉంచినా, కాలుష్యం గురించి నేర్పే పెట్టె ఆ కాలుష్యాన్నే కాలువలోకి వదలమని పిల్లలకు అలవాటు చేయడం ఎలా ఒప్పుకోగలం? మేము అన్ని బృందాల ద్రావణాలనూ ఒకే గోధుమ రంగు సీసాలో పోగు చేసి, వంట ఉప్పు కలిపి, రాత్రంతా కదపకుండా ఉంచి, పైన తేరిన నీటిని వేరు చేసి, అడుగున దిగిన మడ్డిని వడపోసి, చీటీ అంటించి ప్రయోగశాల వ్యర్థాల పెట్టెలో భద్రపరిచాం. దీనికి పట్టే శ్రమ తక్కువ, నేర్పేది చాలా ఎక్కువ.

తెలుగు పుస్తకం గురించి కూడా చెప్పాలి. ఇంగ్లీషు పుస్తకంలో ఉన్న భద్రతా సూచనల పేజీ తెలుగులో లేదు. సిల్వర్ నైట్రేట్ చర్మానికి తగిలితే నల్లటి మరకలు పడతాయి, కంట్లో పడితే ప్రమాదం. బోరోహైడ్రైడ్ విషపదార్థం, దాని ద్రావణాన్ని గట్టిగా మూత బిగించిన సీసాలో ఉంచితే లోపల హైడ్రోజన్ పేరుకుంటుంది. ఈ మాటలు అందరికన్నా ముందు చేరవలసింది తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన విద్యార్థికే. అతనికి ఇచ్చే పుస్తకంలోనే అవి లేకపోవడం క్షమించరాని లోపం. ఆ పేజీని మేమే తెలుగులో రాసి, నకళ్లు తీసి, ప్రతి బల్లకూ అంటించాం. అమ్మినవారికి కూడా పంపించాం. తర్వాతి ముద్రణలో చేరుస్తామని జవాబు వచ్చింది.

డిగ్రీ, పీజీ కళాశాలలకు, పైన చెప్పిన కంట్రోళ్లు చేర్చుకునే ఓపిక ఉన్న అధ్యాపకులకు ఈ కిట్‌ను నేను సిఫారసు చేస్తాను. మొదటి మూడు ప్రయోగాల కోసమే పెట్టిన డబ్బుకు విలువ దక్కుతుంది. సిల్వర్ నైట్రేట్ 25 సార్లకు సరిపోతుంది కనుక రెండు బ్యాచులకు ఇబ్బంది ఉండదు. ఉన్నత పాఠశాలలకు మాత్రం ఇవ్వవద్దు. అక్కడి పిల్లలకు బోరోహైడ్రైడ్ అవసరం లేదు, ఉపరితల వైశాల్యం లెక్క, పాల చుక్క వేసిన నీటిలో లేజర్ కిరణం, ఊరి నీళ్ల గురించి చర్చ సరిపోతాయి. తెప్పించుకునేవారు ఆర్డరు పెట్టే ముందు అమ్మేవారిని మూడు విషయాలు లిఖితపూర్వకంగా అడగండి: బోరోహైడ్రైడ్ పొట్లాల తయారీ తేదీ, లేజర్ శక్తి ఎన్ని మిల్లీవాట్లు అన్నది, తెలుగు భద్రతా పేజీ కొత్త ముద్రణలో చేరిందా లేదా అన్నది. లేజర్ గురించి జవాబు రాకపోతే, అది లేకుండా ధర తగ్గించి పంపమనండి.